బోర్డు పెట్టిన పొలం

హాలియా సెంటర్‌లో ఆ ఏడాది కట్టిన కొత్త ఫ్లెక్సీని లింగస్వామి చూడకముందే ఊరంతా చూసింది. పొద్దున దుకాణం షట్టరు ఎత్తి, దేవుడి పటానికి అగరుబత్తి చూపించి, ఇంకా కుర్చీలో కూర్చోకముందే ఎల్లయ్య వచ్చి కౌంటరు మీద అరచేత్తో కొట్టాడు.

"ఏం లింగస్వామన్నా, ఛాయ్ తాపుతవా లేదా? బిడ్డ ఫొటో మల్ల పడ్డది. నిరుడు కింది లైన్ల ఉండె, ఈయేడు మీది లైన్ల ఏసిండ్రు. నీలం కోటు గీటు... కలెక్టరమ్మ లెక్క కొడ్తాంది!"

"తాపుత గాని, నారుమడి దున్నినవా లేదా ముందు గది చెప్పు," అన్నాడు లింగస్వామి. మాట మళ్ళించడం వ్యాపారం అతనికి నేర్పిన మొదటి విద్య.

బ్యాంకు పని పెట్టుకుని పదిగంటలకు సెంటర్ దాకా వెళ్ళి చూశాడు. పైన కాలేజీ పేరు ఎర్ర అక్షరాల్లో, పక్కన చేతులు జోడించిన చైర్మను, కింద వరసలుగా పిల్లలు. పై వరసలో తన బిడ్డ హరిత. ఫొటో కింద ఒక కంపెనీ పేరు, ఏడాదికి ఇన్ని లక్షలని ఒక అంకె. ఆ కోటు హరిత ఎన్నడూ తొడగలేదు. వరసలో ఉన్న ఆడపిల్లలందరికీ అదే కోటు, అదే మడత. ఎవడో కంప్యూటర్ మీద కూర్చుని మెడలు కోసి అతికించాడు. అతికించేటప్పుడు ముక్కుపుడక కూడా చెరిపేశాడు. ఆ ఫొటోలో నిజమైంది ఆమె ముఖం ఒక్కటే, అందులోనూ ముక్కు దగ్గర కొంచెం తక్కువ.

ఉద్యోగం రాలేదు. ఆ సంగతి హాలియాలో తెలిసింది ఇద్దరికే: లింగస్వామికీ, అతని భార్య కృష్ణమ్మకూ.

వచ్చిందనుకున్న మాట నిజమే. నాలుగో ఏడు చదువుతుండగా హైదరాబాదు నుంచి ఒక కంపెనీ కాలేజీకి వచ్చి, ఒక పరీక్ష పెట్టి, పిల్లలకు కాగితాలు ఇచ్చి పోయింది. ఆ రోజు లింగస్వామి దుకాణానికి వచ్చిన ప్రతి రైతు చేతిలో లడ్డూ పెట్టాడు. తర్వాత చేరే తేదీ దసరాకు జరిగింది, దసరా నుంచి సంక్రాంతికి జరిగింది, ఆ తర్వాత ఫోన్ ఎత్తేవాళ్ళు లేకుండా పోయారు. కంపెనీ ఉందో లేదో ఎవరికీ తెలియదు గాని, కాలేజీకి మాత్రం ఫొటోలు మిగిలాయి. హరిత హైదరాబాదు వెళ్ళి హాస్టల్లో ఉండి నానా చోట్ల తిరిగి, చివరికి ఒక రక్తపరీక్షల సెంటర్లో రసీదులు కొట్టే పనికి కుదిరింది.

"ఎవలన్న అడిగితే హైదరాబాదుల జాబ్ అని చెప్పు బిడ్డా. కంప్యూటర్ మీదనే గద కూసుంటవ్, అబద్ధమేం గాదు," అని లింగస్వామే నేర్పాడు.

అలా నేర్పడానికి అతని లెక్క అతనికుంది. అతనిది విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణం. ఎడమ కాలువ కింద ఊళ్ళ రైతులు అతని దగ్గరికి సంచులు కొనడానికి రారు, మాట కొనడానికి వస్తారు. అదే సంచి పక్క దుకాణంలోనూ దొరుకుతుంది. "ఏదెయ్యమంటవన్నా?" అని అడిగితే లింగస్వామి చెప్పేవాడు. చెప్పినది మొలిచేది. అలా ఇరవై ఏళ్ళుగా నిలబెట్టిన మాట. సొంత బిడ్డ చదువు విషయంలోనే విత్తనం తప్పు ఎంచాడని తెలిస్తే, రేపు తను చెప్పిన సన్నరకం ఎవడు చల్లుతాడు? లడ్డూలు తిన్న నోళ్ళే నవ్వుతాయి. అందుకని దాచాడు. దాచడానికి మొదట్లో ఖర్చేమీ కాలేదు.

మధ్యాహ్నం గుర్వయ్య వచ్చాడు. తిరుమలగిరి మనిషి, కాలువ చివర ఎకరన్నర పొలం. నీళ్ళు వస్తాయో రావో తెలియని చోట కూడా లింగస్వామి మాట విని రెండుసార్లు పంట దక్కించుకున్నవాడు. వెంట కూతురు ప్రవళిక కూడా వచ్చింది.

"ఇత్తనాల ముచ్చట పక్కన పెట్టన్నా. ముందుగాల దీనికి ఏ కాలేజీ పెట్టాల్నో చెప్పు," అన్నాడు గుర్వయ్య, తువాలుతో మెడ తుడుచుకుంటూ. "మంచి ర్యాంకే వచ్చిందంట. వెబ్బు ఆప్షన్లు సోమారం దాక. ఇది వనపర్తి అంటది. నేను మన గుట్టకింది కాలేజంటున్న."

హరిత చదివింది ఆ గుట్టకింది కాలేజీలోనే. హాలియా నుంచి బస్సులో గంట. నిజం పేరు ఏదో పొడుగ్గా ఉంటుంది గాని అందరూ అలాగే అంటారు.

"వనపర్తిది యూనివర్సిటీ వాళ్ళ కాలేజి పెద్దబాపు," అంది ప్రవళిక. "సర్కారుది. హాస్టల్ గూడ ఉన్నది."

"ఉన్నది లే! దేవరకొండల ఒక బస్సు, కల్వకుర్తిల ఒక బస్సు మారాలె. జరమొస్తే ఎవడు చూడబోతడు? గుట్టకింద గదనుకో, పొద్దుగాల ఊర్లనే బస్సెక్కుతది, పొద్దూకె వరకు ఇంట్ల ఉంటది. మన హరిత పోలేదా? హరితకు రాలేదా జాబు? ఫొటో చూసినంక గూడ ఇంక అడుగుడేంది అంటె, ఇది నా మాట ఇంటలేదు. నువ్వొక మాట చెప్పన్నా. నువ్వెట్లంటె అట్ల."

లింగస్వామికి నాలుక మీద మాట వచ్చి ఆగింది. కౌంటరు ముందు ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. అందులో ఎల్లయ్య ఒకడు, రెండో ఛాయ్ తాగుతూ.

"తొందరేమున్నది? సోమారం దాక టైమున్నదంటున్నవ్ గద. ఆలోచించి చెప్త," అన్నాడు.

"ఆలోచించుటానికేమున్నదే!" అని నవ్వి గుర్వయ్య విత్తనాల లెక్కలోకి దిగాడు. ప్రవళిక మాత్రం లింగస్వామి ముఖం వైపు ఒక క్షణం ఎక్కువ చూసింది.

సాయంత్రం కమలాకర్ వచ్చాడు. ఆ కాలేజీకి పిల్లల్ని చేర్పించే పని అతనిది. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు. వచ్చీ రాగానే కుర్చీ లాక్కున్నాడు.

"అన్నా, ఆదివారం ఫంక్షన్ హాల్ల తల్లిదండ్రుల మీటింగ్ పెట్టినం. చుట్టుముట్టు ఊర్లన్ని వస్తయి. పగారా అన్నం, కోడికూర. నువ్వు స్టేజీ మీద కూసోవాలె, రెండు ముక్కలు మాట్లాడాలె."

"నాకేం మాట్లాడొస్తదయ్యా? పురుగుమందుల గురించి అడుగు, చెప్త."

"గదే కావాలె! మా సార్లు మాట్లాడితే జనం ఇనరు. నువ్వు మాట్లాడితే ఇంటరు. ఏం చెప్పమంటలేను, నీ బిడ్డ గురించి చెప్పు, అంతే."

"నా బిడ్డ సంగతి నీకు తెల్వదా కమలాకర్?" అన్నాడు లింగస్వామి గొంతు తగ్గించి.

"తెల్సన్నా," అన్నాడు కమలాకర్, తనూ గొంతు తగ్గించి. అందులో ఇబ్బంది ఏమీ లేదు. "ఆఫరొచ్చిందా లేదా? వచ్చింది. కంపెనోడు పిలువకపోతే కాలేజేం చేస్తది? మేము ఆఫరొచ్చిందనే ఏసినం, అబద్ధం ఏసినమా? సరే, బిడ్డకు ఆడ కష్టమైతాందంటే మా ల్యాబుల పెట్టిస్త. ఇంటికాడనే ఉంటది. చైర్మన్ సారుతోని మాట్లాడుకునే వచ్చిన. ఆదివారం నువ్వు రా, సోమారం బిడ్డను రమ్మను."

బేరం అంటే లింగస్వామికి తెలియనిది కాదు. ఏది ముందు పెట్టి ఏది వెనక పెట్టాలో కమలాకర్‌కు బాగా తెలుసనుకున్నాడు. ఆ తెలివి చూసి కొంచెం గౌరవం కూడా కలిగింది. అది కలిగినందుకు తర్వాత సిగ్గేసింది.

ఎందుకంటే ఈ పద్ధతి అతనికి కొత్త కాదు. విత్తనాల కంపెనీలు చేసేది ఇదే. రోడ్డు పక్కన కనిపించే పొలం ఒకటి ఎంచుకుంటారు. ఆ రైతుకు విత్తనం ఊరికే ఇస్తారు, యూరియా ఇస్తారు, తెగులు కనబడితే కంపెనీ పిలగాడే వచ్చి మందు కొట్టిస్తాడు. గట్టు మీద బోర్డు పాతుతారు. కోతకు ముందు ఆటోల్లో రైతుల్ని తెచ్చి, పొలం చూపించి, కోడికూర పెట్టి, ఆ రైతు చేత మైకులో మాట్లాడిస్తారు. ఒక ఏడు ఎల్లయ్య పొలానికే బోర్డు పెట్టారు. ఎల్లయ్య మైకు పట్టుకుని అంత దిగుబడి, ఇంత దిగుబడి అని ఊదరగొట్టాడు. అందులో ఎరువు కంపెనీది, మందు కంపెనీది అన్న ముక్క చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. లింగస్వామి మాత్రం ఆ విత్తనం దుకాణంలో పెట్టలేదు. "బోర్డు పెట్టిన పొలం చూసి ఇత్తనం కొంటరానే? బోర్డు లేని పొలం చూడాలె," అని రైతులకు చెప్పేవాడు. ఆ మాటతోనే అతనికి పేరొచ్చింది.

ఇప్పుడు బోర్డు తన ఇంట్లోనే పాతారు.

కమలాకర్ వెళ్ళాక హరితకు ఫోన్ చేశాడు.

"బాపు, తిన్నవా?"

"ఇంక లేదు బిడ్డా. నువ్వు?"

"హాస్టల్ల ఉప్మా పెట్టిండ్రు. దాన్ని తినుడు అనరు తియ్యి."

"ఫొటో మల్ల ఏసిండ్రు."

"తెల్సు. మా గ్రూపుల పెట్టిండ్రు, నవ్వుకుంటాండ్రు. మనీష ఫొటో గూడ ఉన్నది చూసినవా, నా పక్కకే? అది మిర్యాలగూడల చీరల షాపుల చేస్తాంది. కోటు మాత్రం ఇద్దరికీ మంచిగ కుదిరింది."

లింగస్వామి ల్యాబు ఉద్యోగం సంగతి చెప్పాడు. కమలాకర్ మాటే తన మాటగా, కొంచెం తీపి కలిపి చెప్పాడు.

"బాపు, వాళ్ళు ఎందుకిస్తరో తెల్సా? ఇనిస్పెక్షన్‌కు ఎవలన్న వస్తే మనుషుల్ని చూపియ్యాలె. ఇంకోటి, నేను ఆడ చేరితే నాకు జాబొచ్చినట్టు లెక్కల రాసుకుంటరు. మాకు ప్రోగ్రామింగ్ చెప్పిన సార్ లేడా, ఆయన గూడ గాడనే చదివి, ఏడ దొరకక గాడనే చేరిండు. పుస్తకం చూసి బోర్డు మీద రాసేటోడు. నేను చేరితే నేను గూడ గట్లనే రాస్త. అప్పుడు ఆ ఫొటో నిజమైతది."

"మరి ఏడనన్న దొరకాలె గద బిడ్డా. నువ్వు తెలివితక్కువదానివా? పదో తరగతిల మండలం ఫస్టు."

"తెలివి అడుగుత లేరు బాపు. అప్లికేషన్ నింపేటప్పుడు కాలేజి పేరు నొక్కాలె. పెద్ద లిస్టొస్తది. యూనివర్సిటీల పేర్లుంటయి, హైదరాబాదుల పెద్ద కాలేజీలుంటయి. మనది ఉండదు. ఆఖరికి 'ఇతరములు' అనుంటది. గది నొక్కాలె. గది నొక్కినోళ్ళకు ఫోన్ రాదు. పరీక్ష పెడితే రాస్త, పెట్టరు. లోపటికి రానిచ్చినంక గద నాకేమొస్తదో తెలిసేది."

లింగస్వామి గల్లాపెట్టె మీది దుమ్ము వేలితో గీశాడు. పేరు తెలియని కంపెనీవాడు సంచి పట్టుకుని దుకాణానికి వస్తే తను చేసేదీ అదే. మొలక చూడడు, గింజ అరచేతిలో వేసుకోడు. సంచి మీది పేరు చూసి, "మల్ల కనవడు" అంటాడు. అలా పంపించడం తప్పని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తోచలేదు. ఇప్పుడు ఎవడో తన బిడ్డను ముఖం చూడకుండా అలాగే పంపిస్తున్నాడు. సంచి మాత్రం ఎంచింది తనే. హరితను చేర్చిన ఏడు కాలేజీ బస్సు సమయానికి వస్తుందా, ఆడపిల్ల సాయంత్రానికి ఇల్లు చేరుతుందా, ఇవే చూశాడు గాని లోపల పాఠం చెప్పేది ఎవరని అడగలేదు.

"ప్రవళిక గూడ ఫోన్ చేసింది బాపు, రెండు మూడుసార్లు," అంది హరిత. "ఎత్తలేదు. ఎత్తితే ఏం చెప్పాలె? నువ్వే చెప్పొద్దన్నవ్ గద."

"మంచిది," అన్నాడు. మంచిది ఎందుకన్నాడో అతనికే తెలియలేదు.

ఆదివారం ఫంక్షన్ హాలు నిండింది. స్టేజీ మీద చైర్మను పక్క కుర్చీ లింగస్వామిది. ముందు వరసలో గుర్వయ్య ఉతికిన ధోవతి కట్టుకుని, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నాడు. వెనక వంటల వాసన వస్తోంది. కమలాకర్ మైకులో, "మనందరికి తెలిసిన మనిషి, అబద్ధం ఆడని వ్యాపారి," అని పిలిచాడు.

లింగస్వామి లేచాడు. ఇంటి నుంచి వచ్చేటప్పుడు అతను మనసులో ఒక లెక్క వేసుకున్నాడు: అబద్ధం మాత్రం చెప్పకూడదు. ఆ లెక్క తప్పలేదు.

"మా బిడ్డ నాలుగేండ్లు ఒక్క సబ్జెక్ట్ తప్పకుండ పాసైంది," అన్నాడు. అది నిజం. "బస్సు ఏనాడు ఆలస్యం గాలె. ఆడపిల్ల ఉన్న తండ్రిగ చెప్తున్న, నాలుగేండ్లు నాకు భయమంటే తెల్వదు." అదీ నిజం. "సర్కారు ఫీజు ఇచ్చింది, నా చేతి నుంచి పెద్దగ పెట్టింది లేదు. ఇప్పుడు బిడ్డ హైదరాబాదుల ఉన్నది."

ఉన్నది అన్నాడు. ఏం చేస్తోందో అనలేదు. అక్కడికి ఆపి మైకు ఇచ్చేశాడు. మిగతాది హాలే పూర్తి చేసుకుని చప్పట్లు కొట్టింది. సరుకు మంచిదని చెప్పకుండా సరుకు అమ్మడం ఎలాగో ఇరవై ఏళ్ళలో నేర్చుకున్నదంతా ఆ నాలుగు వాక్యాల్లోకి వచ్చింది.

భోజనాల దగ్గర గుర్వయ్య ఎంగిలి చేత్తోనే అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇగ నాకు డౌటే లేదన్నా! ఇంతమందిల చెప్పినవ్."

ప్రవళిక పళ్ళెంలో అన్నం కలుపుతూ తినకుండా అడిగింది. "పెద్దబాపు, అక్కది ఏం కంపెనీ? ఆఫీసు ఏడ ఉన్నది?"

"ఫ్లెక్సీ మీద ఉన్నది గద బిడ్డా," అన్నాడు లింగస్వామి.

ఇంటికి వచ్చాక కృష్ణమ్మ నీళ్ళ చెంబు ఇస్తూ అడిగింది, "ఏం మాట్లాడినవ్?"

"ఉన్నదే మాట్లాడిన."

"ఉన్నది మాట్లాడితే పగారా పెట్టి పంపిత్తరా?" అని ఆమె చెంబు తీసుకుని లోపలికి పోయింది.

సోమవారం దుకాణంలో మంచి బేరం. నార్లు పోసే అదును. మధ్యాహ్నం దాటాక ఒక ముసలి రైతు వచ్చి, రెండు సంచుల మధ్య చెయ్యి ఊపుతూ ఏది తీసుకోమంటావని అడిగాడు. లింగస్వామి ఒకటి చూపించాడు. ముసలివాడు దాని మీద రాసినది చదవలేదు, ధర అడగలేదు, రెండో సంచి వైపు చూడనైనా లేదు. భుజాన వేసుకుని నడిచాడు. ఆ వీపు రోడ్డు దాటేదాకా లింగస్వామి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి షట్టరు దించాడు. అదునులో, అదీ పట్టపగలు, ఆ షట్టరు దిగడం అంతకు ముందెన్నడూ ఎవరూ చూడలేదు.

"ఏమైందే, ఎవలన్న పోయిండ్రా?" అని పక్క దుకాణం నుంచి అరిచారు. అతను వెనక్కి చూడకుండా నెట్ సెంటర్ వైపు నడిచాడు.

ఆప్షన్లు పెట్టే నెట్ సెంటర్ శ్రీశైలం అనే కుర్రాడిది. లోపల బెంచీ మీద తండ్రులు, పిల్లలు వంతు కోసం కూర్చుని ఉన్నారు. శ్రీశైలం ముందు కుర్చీలో ప్రవళిక, వెనక నిలబడి గుర్వయ్య.

"గుర్వయ్యా, జర బయటికి రా."

"ఈన్నే చెప్పన్నా. లేస్తే నంబరు పోతది."

లింగస్వామి దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "గుట్టకింది కాలేజి పెట్టకు. వనపర్తే మొదలు పెట్టు."

గుర్వయ్య నవ్వాడు. తర్వాత అతని ముఖం చూసి నవ్వు ఆపాడు. "అదేందే? నిన్న మైకుల చెప్పిందేంది మరి?"

"మైకుల చెప్పినయన్ని నిజమే. చెప్పనిది ఒకటున్నది. బిడ్డకు ఆ జాబు రాలే."

గుర్వయ్య గుమ్మంలోంచి బయటికి చూశాడు. అక్కడి నుంచి ఫ్లెక్సీ కనబడుతుంది. "ఫొటో ఉన్నది గదనే."

"ఫొటో ఉన్నది. జాబు లేదు."

బెంచీ మీద మాటలు ఆగిపోయాయి. గుర్వయ్య తువాలు భుజం మీంచి తీసి, మడిచి, మళ్ళీ వేసుకున్నాడు.

"అన్నా, ఒక మాటంటే ఏమనుకోకు. నీ బిడ్డ కోటేసుకొని సెంటర్ల నిలబడ్డది. రేపు నా బిడ్డ పక్కన నిలబడితే నీకేమైతది? ఎకరన్నర గుర్వయ్య బిడ్డ నీ బిడ్డతోని సమానమైతదనా? నిన్న అందరి ముంగట ఒక తీరు, ఇయ్యాల చెవుల ఒక తీరు... ఇత్తనాల కాడ నువ్వు గిట్ల చెయ్యకపోతివి గద."

లింగస్వామికి కోపం రాలేదు. రావలసిన చోట రాకపోవడం చూసి తనే ఆశ్చర్యపోయాడు. నిన్నటి తన మాటకు ఇంత బలముందని అతను అనుకోలేదు. తను నిలబెట్టిన బోర్డును పీకడానికి తన మాట చాలడం లేదు.

"కాకా, సైటు స్లో అయితాంది," అన్నాడు శ్రీశైలం, కీబోర్డు మీంచి చెయ్యి తీసి. "ఫ్రీజ్ చెయ్యాల్నా వద్దా? చేస్తే మల్ల మార్చరాదు."

"చెయ్యి," అన్నాడు గుర్వయ్య.

లింగస్వామి ఫోన్ తీసి హరితకు చేసి, స్పీకర్ నొక్కి, శ్రీశైలం బల్ల మీద పెట్టాడు.

"బాపు, కౌంటర్ల ఉన్న, జల్ది చెప్పు," అంది హరిత. వెంటనే ఇంకెవరితోనో, "పరిగడుపున్నే వచ్చినవా అమ్మా? ఛాయ్ తాగినవా? అయ్యో, తాగితే గాదమ్మా, రేపు రా," అంది.

"బిడ్డా, నువ్వేం పని చేస్తున్నవో గుర్వయ్య కాకకు చెప్పు."

అవతల కౌంటరు దగ్గరి గోల కొంచెం దూరమైంది.

"స్పీకర్ల పెట్టినవా?"

"పెట్టిన."

"ఎంతమంది ఉన్నరు ఆడ?"

లింగస్వామి బెంచీ వైపు చూశాడు. "ఉన్నరు బిడ్డా."

హరిత గొంతు సవరించుకుంది. తర్వాత పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "కాకా, మంచిగున్నవా? నేను రక్తపరీక్షల సెంటర్ల రసీదులు కొడ్తున్న. పోయిన దసర సంది. అంతకు ముందు ఖాళీగ ఉన్న. ఆ కంపెనీ మమ్ముల పిలువలే, ఎవ్వల్ని పిలువలే. ఫొటో తియ్యమని మెయిల్ పెట్టిన, తియ్యలే." కొంచెం ఆగింది. "ప్రవళిక ఉన్నదా ఆడ? స్పీకర్ బంద్ చేసి దానికియ్యి."

ప్రవళిక ఫోన్ తీసుకుని బయటికి పోయింది. చెరుకురసం బండి పక్కన నిలబడి చాలాసేపు మాట్లాడింది. మాట్లాడింది తక్కువ, విన్నదే ఎక్కువ. ఒకసారి నవ్వింది కూడా. లోపల మగవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. బెంచీ చివర నుంచి ఎవరో అన్నారు:

"నిన్న పగారా తినేటప్పుడు యాదికి రాకపాయెనా సావుకారికి?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. లింగస్వామి నేల చూశాడు.

ప్రవళిక తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. "వనపర్తి ఫస్టు పెట్టన్నా."

"గుట్టకింది?" అన్నాడు శ్రీశైలం.

"తీసెయ్యి."

"హాస్టల్ల ఉంటవా?" అన్నాడు గుర్వయ్య.

"ఉంట బాపు."

గుర్వయ్య తల ఊపాడు. అంతా అయి, కాగితం బయటికి వచ్చాక లింగస్వామి వైపు తిరిగాడు. ఆ గొంతులో అరుపు లేదు, అరిస్తే బాగుండుననిపించింది.

"ఒక్క దినం ముందు చెప్తే ఏంబోయేదన్నా? మా బామ్మర్ది కొడుకుకు నిన్న పొద్దుమీకినంక గా కాలేజే పెట్టిచ్చి ఫ్రీజ్ చేపిచ్చిన. మీటింగ్ నుంచి సక్కగ పోయి చేపిచ్చిన. నీ మాట మీద. ఇప్పుడు వానికి నేనేం చెప్పాలె?"

గుర్వయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కూతురి భుజం తట్టి, బయటికి నడిచాడు. ప్రవళిక ఫోన్ అతని చేతికిచ్చింది. కాల్ ఎప్పుడో ఆగిపోయి ఉంది.

"అక్క నాకేమన్న చెప్పమన్నదా బిడ్డా?"

"ఏం చెప్పలేదు పెద్దబాపు," అంది ప్రవళిక. ఒక అడుగు వేసి, ఆగి, "కోపం గూడ చెప్పలే," అని వెళ్ళిపోయింది.

అతను బస్టాండు వైపు నడుస్తూ హరితకు ఫోన్ చేశాడు. కట్ చేసింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ కట్ చేసింది. లెక్క అప్పుడు తేలింది. నిజం చెప్పడానికి వెళ్ళిన మనిషి తను. ఖర్చు పెట్టింది మాత్రం బిడ్డ మర్యాదను. పదిమంది ముందు నిలబడి, నా ఎంపిక తప్పింది, నేను దాచాను అని తను చెప్పి ఉండాల్సింది. అంత దాకా వచ్చి కూడా ఆ మాట బిడ్డ నోటితోనే చెప్పించాడు.

మూడోసారి ఆమె ఎత్తింది.

"బాపు, ఇంకెవలకన్న చెప్పాల్నా?"

ఫంక్షన్ హాలు నిండుగా కూర్చున్న జనం అతని కళ్ళ ముందు కదిలారు. గుర్వయ్య బామ్మర్ది ముఖం అతనికి తెలియదు. ఆ వరసల్లో ఎక్కడో కూర్చుని చప్పట్లు కొట్టే ఉంటాడు.

"ఉన్నరు బిడ్డా," అన్నాడు. "వాళ్ళకు నేను చెప్త."

"మైకుల చెప్తవా?"

ఆమె వెక్కిరించలేదు, మామూలుగా అడిగింది. లింగస్వామి రోడ్డు పక్కన ఆగి, ఫోన్ చెవికి ఆనించుకుని, ఏదో ఒకటి అనడానికి చూశాడు.

"సరే బాపు, లైన్ల మనుషులున్నరు," అని ఆమె పెట్టేసింది.